తరిగే భూమి, పెరిగే వరి

ఏప్రిల్‌లో పెద్దపల్లి నుంచి రామగుండం వైపు రాజీవ్ రహదారి మీద పోయేవాళ్లకు బసంత్‌నగర్ దగ్గర ఒక పక్క సిమెంటు ఫ్యాక్టరీ, మరో పక్క కోతకొచ్చిన యాసంగి వరి కనిపిస్తాయి. కాస్త ముందుకు పోతే ఎన్టీపీసీ పొగగొట్టాలు, ఆపైన గోదావరిఖని బొగ్గు బాయిలు, ఓపెన్‌కాస్టుల నుంచి తోడిపోసిన మట్టి గుట్టలు. వీటి నడుమ మిగిలిన పల్లెల్లో వడ్ల కొనుగోలు కేంద్రాలు, టార్పాలిన్ల మీద ఆరబోసిన ధాన్యం, మిల్లుకు పోయే లారీల కోసం ఎదురుచూసే రైతులు.

ఈ ప్రాంతంలో సాగుభూమి పరిశ్రమ చేతికి వెళ్లడం మొదలై అరవై ఏళ్లు దాటింది. 1960ల్లో సింగరేణి ఇక్కడ బాయిలు తెరిచింది. 1969లో బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంటు ఉత్పత్తి మొదలైంది. 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల విద్యుత్ కేంద్రం వచ్చింది. 1978 నవంబరు 14న ఎన్టీపీసీ సూపర్ థర్మల్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1980లో ఎరువుల కర్మాగారం నడక మొదలుపెట్టింది. తర్వాత ఓపెన్‌కాస్టులు వచ్చాయి, బూడిద చెరువులు వచ్చాయి, గోదావరి మీద ఎల్లంపల్లి జలాశయం వచ్చి ఊళ్లను, పొలాలను ముంచింది.

ఇంత భూమి పోయాక తిండిగింజల విస్తీర్ణం కూడా తగ్గాలి కదా? కానీ చుట్టూ చూస్తే వరి పెరిగింది. తెలంగాణ మొత్తం మీద 2014-15లో వరి సుమారు 35 లక్షల ఎకరాలు. 2022-23లో రెండు సీజన్లూ కలిపి దాదాపు కోటీ 20 లక్షల ఎకరాలు. ఎనిమిదేళ్లలో మూడింతలకు మించి పెరిగింది. ఆ మధ్యలో రాష్ట్రం సైజు మారలేదు. గనులు, రోడ్లు, కాలనీలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. అయితే ఈ ఎకరాలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి?

ఎకరం ఒకటే, లెక్కలో రెండు

మొదటి జవాబు లెక్క కట్టే పద్ధతిలోనే ఉంది. ప్రపంచబ్యాంకు, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దేశాలవారీగా ప్రకటించే ‘తృణధాన్యాల భూమి’ నిజానికి భూమి లెక్క కాదు, కోతల లెక్క. వానాకాలంలో ఒక ఎకరం వరి కోసి, అదే ఎకరంలో యాసంగిలో మళ్లీ వరి కోస్తే పట్టికలో రెండు ఎకరాలు పడతాయి.

బొగ్గు బాయి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. బాయి ఒక్కటే అయినా మూడు షిఫ్టుల్లో మూడు మస్టర్లు, అంటే హాజరులు, పడతాయి. మస్టర్లు ఎన్ని పడ్డాయో చూసి బాయిలు ఎన్ని ఉన్నాయో చెప్పలేం. అట్లాగే పంట విస్తీర్ణం చూసి సాగుభూమి ఎంతో చెప్పలేం.

ఈ లెక్కకు ఇంకో నియమం కూడా ఉంది. ఎండిన గింజ కోసం కోసిన పంటే ఇందులోకి వస్తుంది. మక్కను పచ్చి కంకులుగా కోసి అమ్మినా, జొన్నను పచ్చిగానే పశువులకు వేసినా అది తృణధాన్యాల విస్తీర్ణంలో కనిపించదు. చేను ఒక్కటే, పంటా ఒక్కటే. కోసే రోజును బట్టి లెక్కలో ఉండటమో, లేకపోవడమో తేలుతుంది.

దేశం మొత్తానికి ఈ తేడా ఎంత పెద్దదో నాలుగు అంకెలు చెబుతాయి. 1950-51లో భారతదేశంలో విత్తిన నికర భూమి 11.87 కోట్ల హెక్టార్లు. 1970-71 నాటికి అది 14 కోట్లకు చేరింది. అంతే, అక్కడే ఆగింది. అర్ధశతాబ్దంగా ఆ చుట్టుపక్కలే తిరుగుతోంది. దున్నడానికి కొత్త నేల దాదాపు అయిపోయింది. కానీ ఒకే నేల మీద పంటలు ఎన్నిసార్లు వేశారో కలిపి చూసే మొత్తం సాగు విస్తీర్ణం 1970-71లో 16.6 కోట్ల హెక్టార్లు ఉంటే, 2021-22 నాటికి సుమారు 21.9 కోట్లకు పెరిగింది. పెరిగిందంతా రెండో పంట, మూడో పంట.

ఆగిన అంకె లోపల కదలిక

తృణధాన్యాల సంగతి ఇంకా విచిత్రం. వరి, గోధుమ, జొన్న, సజ్జ, మక్క, తైదలు, చిరుధాన్యాలు అన్నీ కలిపితే 1950-51లో 7.8 కోట్ల హెక్టార్లు. 1970-71కి పది కోట్లు దాటాయి. ఇప్పటికీ ఆ పది కోట్ల చుట్టూనే ఉన్నాయి. పేజీ మీద గీత గీస్తే యాభై ఏళ్లుగా దాదాపు బల్లపరుపు. ఉత్పత్తి మాత్రం 1970-71లో 9.7 కోట్ల టన్నుల నుంచి 2022-23లో 30 కోట్ల టన్నులకు చేరింది.

ఆ గీతను చూసి ‘దేశంలో తిండిగింజల సాగు మారలేదు’ అనుకుంటే పెద్ద పొరపాటు. గీత కింద జరిగిన మార్పు చిన్నది కాదు. ఒక పంట ఖాళీ చేసిన చోటును మరో పంట ఆక్రమించడం వల్ల మొత్తం మాత్రం కదలనట్టు కనిపిస్తుంది.

*బాక్స్: ఎవరు పెరిగారు, ఎవరు తరిగారు (దేశం మొత్తం, 1950-51 నుంచి ఇటీవలి వరకు)*

*వరి: 3.08 కోట్ల హెక్టార్ల నుంచి సుమారు 4.8 కోట్లకు.*
*గోధుమ: 97 లక్షల హెక్టార్ల నుంచి 3.1 కోట్లకు.*
*మక్క: 32 లక్షల హెక్టార్ల నుంచి కోటి దాకా.*
*జొన్న: 1.56 కోట్ల హెక్టార్లు. 1960-61లో 1.84 కోట్లకు చేరి, ఇప్పుడు 40 లక్షల లోపు.*
*కొర్ర, సామ, ఆరిక వంటి చిన్న చిరుధాన్యాలు: 46 లక్షల హెక్టార్ల నుంచి 5 లక్షల లోపుకు.*

జొన్న కోల్పోయిన కోటీ నలభై లక్షల హెక్టార్లు అంటే సుమారు మూడున్నర కోట్ల ఎకరాలు. తెలంగాణ మొత్తం భూభాగమే 2.77 కోట్ల ఎకరాలు. ఒక రాష్ట్రం కంటే పెద్ద జొన్నచేను రెండు తరాల్లో మాయమైందన్నమాట. దేశం మొత్తం అంకెలో ఈ సంగతి ఎక్కడా కనిపించదు. కరీంనగర్, పెద్దపల్లి పల్లెల్లో మాత్రం పెద్దవాళ్లకు అది వంటింట్లోనే తెలిసింది. జొన్న గటక, మక్క గటక పొద్దుటి తిండిగా ఉన్న ఇళ్లలో అన్నం మూడు పూటలకూ వచ్చింది.

కాలం చూసే వరి, కాలం మరిచిన వరి

రెండు పంటల వరి వెనుక ఉన్న మొదటి కారణం మొక్క లోపలే ఉంది. పాత వరి రకాల్లో చాలావాటికి పగటి పొడవును కొలిచే గుణం ఉండేది. ఆకుల్లో ఉండే ఒక వర్ణక పదార్థం వెలుగుకూ చీకటికీ స్పందించి రూపం మార్చుకుంటుంది. రాత్రి పొడవు ఒక హద్దు దాటాకే పూత రావాలన్న సంకేతం దాని నుంచి బయల్దేరుతుంది. అందుకే జూన్‌లో నాటినా, జులైలో నాటినా ఆ రకాలు పగళ్లు కుదించుకుపోయే కాలానికే ఈనేవి. ఈ గుణం వానల మీద బతికే సాగుకు మేలు చేసింది, వానలు తగ్గే వేళకు గింజ పట్టేది. కానీ అదే గుణం ఆ మొక్కను వానాకాలానికి కట్టేసింది. పగళ్లు పెరిగే యాసంగిలో నాటితే ఏపుగా ఆకు పెట్టి, వెన్ను తీయడానికి నెలల తరబడి సమయం తీసుకునేది.

నిజాం కాలంలోనూ రెండో వరి లేకపోలేదు. వానాకాలపు వరిని ఆబీ అనీ, వేసవి వరిని తాబీ అనీ రెవెన్యూ లెక్కల్లో రాసేవారు. అయితే చెరువు నిండిన ఏడు, చెరువు కింది పల్లంలో, అందుకు సరిపడే కొన్ని రకాలతోనే తాబీ సాధ్యమయ్యేది.

1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్-8ను విడుదల చేసింది. ఇండొనేసియాకు చెందిన పొడవాటి పెటా రకాన్ని తైవాన్ పొట్టి వరితో కలిపి తీసిన వంగడం అది. పశ్చిమగోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని 1967లో పండించి, ‘మిస్టర్ ఐఆర్-8’గా పేరు తెచ్చుకున్నారు. ఆ వంగడంలో రెండు గుణాలు చరిత్రను మార్చాయి. ఒకటి, దానికి పగటి పొడవుతో పెద్దగా పని లేదు. నాటిన నాటి నుంచి రోజులు నిండితే ఈనుతుంది, ఏ నెలైనా సరే. రెండోది, పొట్టిదనం. కాండం సాగడానికి మొక్కలో తయారయ్యే హార్మోను ఈ రకంలో తక్కువ. పాత పొడుగు వరికి యూరియా ఎక్కువ వేస్తే పెరిగిపెరిగి వెన్ను బరువుకు పడిపోయేది, గింజ నీళ్లలో నానేది. పొట్టి వరి ఎరువు మింగి నిలబడింది.

ఐఆర్-8 అన్నం రుచి జనానికి నచ్చలేదు. కానీ దాని గుణాలు తర్వాతి రకాల్లోకి పాకాయి. మారుటేరు నుంచి వచ్చిన ఎంటీయూ 1010 నాలుగు నెలల్లో చేతికొస్తుంది. పెద్దపల్లికి దగ్గరలోనే ఉన్న జగిత్యాల పరిశోధన స్థానం జేజీఎల్ 1798, జేజీఎల్ 24423 వంటి రకాలు ఇచ్చింది. రాజేంద్రనగర్ నుంచి 2015లో తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 వచ్చింది. బాపట్ల సాంబ మసూరికి అయిదు నెలలు కావాలి. అందులో నెల రోజులు తగ్గితే ఏమొస్తుందని పట్నంలో ఉన్నవాళ్లకు అనిపించవచ్చు. ఆ నెల రోజులే యాసంగి నారు పోసుకునే వెసులుబాటు. నవంబరులో కోసి, డిసెంబరులో నారుపోసి, సంక్రాంతి అటూఇటూగా నాట్లు పూర్తిచేస్తేనే మే ఎండల ముందు పంట ఒడ్డెక్కుతుంది.

పల్లం నుంచి మెరకకు

వంగడం మారినంత మాత్రాన చాలదు, నీళ్లు కావాలి. పాత కరీంనగర్ జిల్లా పల్లె నేలను తేలిగ్గా రెండుగా విడదీయవచ్చు. చెరువు కింద, బావి కింద ఉన్న పల్లపు పొలం వరికి. మెరక మీది చెలక జొన్నకు, మక్కకు, కందికి, పెసరకు. రెవెన్యూ భాషలో తరీ, ఖుష్కీ. ఆ హద్దును తరాల తరబడి నేల వాలు నిర్ణయించింది.

ఆ హద్దు మెరక వైపు జరగడం కాలువతో మొదలైంది. 1963 జులై 26న పోచంపాడులో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ తవ్వారు. దాని డీ-83, డీ-86 ఉపకాలువలు ఇప్పటి పెద్దపల్లి జిల్లాకు నీళ్లు తెచ్చాయి. కాలువ ఎత్తయిన గట్టు వెంట పోతుంది కాబట్టి అంతవరకు వాన మీదే ఆధారపడిన చెలకలు దాని కిందికి వచ్చాయి. అయితే 112 టీఎంసీలకు కట్టిన శ్రీరాంసాగర్ పూడికతో ఇప్పుడు 80 టీఎంసీల దగ్గరకు వచ్చేసింది. మంథని వైపు చివరి ఆయకట్టుకు నీరు చేరడం ప్రతి యాసంగిలో ఒక పోరాటమే.

కాలువ తర్వాత కరెంటు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటలకు పెరిగింది. మోటారు నడిపే ఖర్చు సున్నా అయినప్పుడు ఎక్కువ నీళ్లు తాగే పంట రైతుకు ఖరీదైన పంటగా అనిపించదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. 2019 జూన్ 21న కాళేశ్వరం ఎత్తిపోతలు మొదలయ్యాయి. గోదావరిని మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల మీదుగా వెనక్కి ఎత్తి ఎల్లంపల్లికి, అక్కడి నుంచి ధర్మారం మండలంలోని నంది మేడారానికి చేర్చే దారి ఇక్కడిదే.

ఇక్కడే ఈ బొగ్గు నేల అసలు పాత్ర బయటపడుతుంది. సింగరేణి, ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం కలిసి తృణధాన్యాల భూమిని మింగాయన్నది నిజం. మిగిలిన భూమిని రెండు పంటలు పండేలా చేసిన సరుకులు కూడా ఇవే ఇచ్చాయన్నది అంతే నిజం. బొగ్గు కరెంటు అయింది, కరెంటు బోరు నీళ్లయింది. రామగుండంలోని పాత ఎరువుల కర్మాగారం బొగ్గునే ముడిసరుకుగా తీసుకుని యూరియా చేసేది. గాలిలోని నైట్రోజన్‌ను హైడ్రోజన్‌తో కలిపితే అమ్మోనియా, దాని నుంచి యూరియా. ఆ హైడ్రోజన్ రాబట్టడానికే బొగ్గు. 1999లో మూతపడ్డ ఆ చోటే 2021లో గ్యాసుతో నడిచే ఆర్‌ఎఫ్‌సీఎల్ ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైంది.

ఒక ఎకరాన్ని పరిశ్రమ తీసుకుంటే, ఆ పరిశ్రమ ఇచ్చిన శక్తి వేరే ఎకరాన్ని రెండుసార్లు కోయించింది. జాతీయ పట్టికలో ఇది నష్టంగా కనిపించదు, లాభంగానే తేలుతుంది. కానీ భూమి పోయిన రైతు, రెండో పంట దక్కిన రైతు ఒక్కరే కావాలని లేదు. నిర్వాసిత పల్లెవాడికి కోతల లెక్క ఏ పరిహారమూ ఇవ్వదు. విస్తీర్ణం అంకెలు చదివేటప్పుడు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

జొన్న వెనక్కి రాలేకపోవడానికి కారణం పిట్టలు కూడా

‘నీళ్లు తక్కువగా తాగే జొన్న వేసుకోవచ్చు కదా’ అని రైతుకు సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. జొన్న గొప్ప మొక్కే. గాలిలోని కార్బన్‌ డయాక్సైడ్‌ను ఆకు లోపల ఒకచోట పోగుచేసి వాడుకునే ఏర్పాటు దానికి ఉంది. అందుకని ఆకు రంధ్రాలను ఎక్కువసేపు తెరిచి ఉంచక్కర్లేదు, నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. వరికి ఆ ఏర్పాటు లేదు. అయినా రైతు జొన్న వేయకపోవడం మొండితనం కాదు.

మొదటి అడ్డంకి పిట్టలు. ఊరంతా జొన్న ఉన్న రోజుల్లో పిట్టలు తినేది వందల ఎకరాల మీద పంచుకుపోయేది. ఒక్కొక్కరికీ నష్టం కొంచెమే. ఊరంతా వరి అయ్యాక ఒకరు రెండెకరాల జొన్న వేస్తే, చుట్టూ ఉన్న పిచ్చుకలు, చిలకలు అన్నీ ఆ విప్పారిన కంకుల మీదే వాలతాయి. మంచె మీద కూర్చుని వడిసెల తిప్పే మనిషి ఇప్పుడు ఇంట్లో లేడు, కూలికి దొరకడు. కాబట్టి జొన్న విస్తీర్ణం తగ్గేకొద్దీ మిగిలిన జొన్నకు నష్టం పెరుగుతుంది, ఆ నష్టం చూసి ఇంకొకరు మానేస్తారు. మక్కకు ఇదే పని అడవి పందులు, కోతులు చేస్తున్నాయి.

రెండోది నేల. వరి కోసం పొలాన్ని నీళ్లలో దున్ని, కరిగట చేసి, బురదగా మార్చినప్పుడు మట్టి రేణువులు విడిపోయి అడుగుకు దిగుతాయి. ఏటా అదే లోతులో దున్నడం, ట్రాక్టర్ల బరువు కలిసి జానెడు కింద గట్టి పొర కడతాయి. నీరు కిందికి ఇంకకుండా ఆపే ఆ పొర వరికి వరం. జొన్న, కంది వేళ్లు కిందికి దిగడానికి అదే అడ్డుగోడ.

మూడోది పక్కవాడి నీళ్లు. పై చేనులో వరి ఉంటే దాని ఊట కింది చేనుకు దిగుతుంది. కింది రైతు ఎంత వద్దనుకున్నా చెలక జాలు పడుతుంది. నీరు నిలిచిన నేలలో గాలి ఆడక పెసర, నువ్వు, జొన్న వేర్లు కుళ్లుతాయి. తట్టుకుని నిలిచేది వరి ఒక్కటే. అట్లా ఒక కాలువ కింద పదిమంది వరి వేస్తే పదకొండో మనిషికి వేరే దారి ఉండదు. ఆయన్ని ఒంటరిగా ఒప్పించి పంట మార్పించాలనుకోవడం వృథా. మార్పు జరిగితే ఒక తూము కింది ఆయకట్టు మొత్తం కలిసి జరగాలి.

నల్లరేగడి చెలకల్లో జొన్న చోటును ఆక్రమించింది వరి కాదు, పత్తి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక అది వేగంగా విస్తరించింది. తిండిగింజల పట్టిక నుంచి ఆ ఎకరాలు పూర్తిగా జారిపోయాయి.

తిండి అలవాటును రేషన్ దుకాణం మార్చింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పేద ఇంటికి ఆకలి నుంచి పెద్ద ఊరట, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. దాంతో పాటే జొన్నలు కొనేవాళ్లు తగ్గారు. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ పెద్ద ఎత్తున కొన్నది గోధుమలు, బియ్యమే.

*బాక్స్: ఆకాశం నుంచి వరిని గుర్తుపట్టడం*

*ఒకప్పుడు పట్వారీ పొలం గట్టు మీద నిలబడి పహాణీలో పంట పేరు రాసేవాడు. ఇప్పుడు వ్యవసాయ విస్తరణ అధికారులు పంట నమోదు చేస్తారు. దాన్ని సరిచూసుకోవడానికి ఉపగ్రహాలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఈ పనిలో దిట్ట. వానాకాలంలో మబ్బుల వల్ల మామూలు కెమెరా పనిచేయదు, రాడార్ తరంగాలు మాత్రం మబ్బును దాటి పోతాయి. నీళ్లు పెట్టిన వరి మడి నున్నటి ఉపరితలం కాబట్టి తరంగాలు పక్కకు వెళ్లిపోయి చిత్రంలో నల్లగా పడుతుంది. పైరు ఎదిగేకొద్దీ తరంగాలు కాండాలకు, ఆకులకు తగిలి తిరిగొస్తాయి, నలుపు క్రమంగా తెలుపవుతుంది. నల్లగా మొదలై తెల్లబడే ఈ వరస వరిని పట్టిస్తుంది. ఒకే మడిలో ఏడాదికి రెండుసార్లు ఆ వరస కనిపిస్తే అది రెండు పంటల పొలం.*

యాసంగి గింజ ఎందుకు విరుగుతుంది?

విస్తీర్ణం పెంచడంలో రైతులు, శాస్త్రవేత్తలు గెలిచారు. అయితే ఏప్రిల్, మే ఎండ దగ్గర కొత్త చిక్కు వచ్చిపడింది.

గింజ పాలు పోసుకునే రోజుల్లో వేడి 35 డిగ్రీలు దాటితే పిండి రేణువులు బిగువుగా పేరుకోవు, లోపల సందులు మిగులుతాయి. గింజ పండాక పగటి ఎండకు బాగా ఎండి, రాత్రి మంచుకో, అకాల వానకో మళ్లీ తేమ పీలుస్తుంది. బయటి పొర ఉబ్బుతుంది, లోపలి భాగం పొడిగానే ఉంటుంది. ఆ లాగుడుకు గింజలో కంటికి కనిపించని పగుళ్లు పడతాయి. వడ్లుగా ఉన్నంత కాలం ఏమీ తెలియదు. మిల్లులో పొట్టు తీసి పాలిష్ పట్టేటప్పుడు పగులు దగ్గర గింజ విరిగి నూక అవుతుంది.

ఇందుకు పాత విరుగుడు ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టిస్తే లోపలి పిండి ఉడికి జిగురుగా మారి పగుళ్లలోకి చేరుతుంది. ఎండాక గింజ మళ్లీ గట్టిపడుతుంది. పెద్దపల్లి, సుల్తానాబాద్ మిల్లుల్లో బాయిలర్లు ఇందుకే వచ్చాయి. అయితే తెలంగాణ ఇళ్లలో ఉప్పుడు బియ్యం తినరు. కొనాల్సింది కేంద్రం, తినాల్సింది వేరే రాష్ట్రాలు. 2021లో, నిల్వలు చాలినన్ని ఉన్నాయని కేంద్రం చెప్పింది. ఇకపై ఉప్పుడు బియ్యం ఇవ్వబోమని రాష్ట్రం రాసిచ్చింది. యాసంగిలో వరి వేయొద్దని రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేసింది.

ఫలితం ఒక పెద్ద ప్రయోగంలా చదవదగ్గది. 2020-21 యాసంగిలో 52 లక్షల ఎకరాలు దాటిన వరి, 2021-22 యాసంగిలో సుమారు 36 లక్షలకు పడింది. మరుసటి యాసంగికి 56 లక్షలు దాటింది. నేల మారలేదు, నీళ్లు మారలేదు, వంగడాలూ మారలేదు. కొనేవాళ్లు ఉంటారా లేదా అన్న అనుమానం ఒక్కటే ఒక ఏడాదిలో పదహారు లక్షల ఎకరాలను కదిలించింది, ఆ అనుమానం తొలగగానే అంతకంటే ఎక్కువ తిరిగొచ్చింది.

కింద ఇంకే నీరు, పైకి లేచే వాయువు

బొగ్గు ప్రాంతంలో నీటి సంగతి మిగతా తెలంగాణ లాంటిది కాదు. ఓపెన్‌కాస్టు గుంత చుట్టుపక్కల బావుల కంటే ఎంతో లోతు. భూగర్భజలం ఎత్తు నుంచి పల్లానికి నడుస్తుంది కాబట్టి గని వైపు ఒరుగుతుంది, గనిలో పని సాగాలంటే ఆ నీటిని రాత్రింబవళ్లు తోడాలి. దాంతో గని పక్క ఊరి బావులు త్వరగా అడుగంటుతాయి. అక్కడికి నాలుగు ఊళ్ల అవతల కాలువ కింది వరి పొలాల్లో నీరు ఊరి చెలకలు జాలు పడుతుంటాయి. ఒకే మండలంలో ఒకరికి నీళ్లు లేక, మరొకరికి నీళ్లు ఎక్కువై పంట మార్చుకోవాల్సి వస్తోంది.

నిండా నీళ్లున్న మడిలో మట్టికి గాలి అందదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు కుళ్లిన మోళ్లను తిని మీథేన్ వదులుతాయి. వరి కాండంలోని గుల్ల గొట్టాల ద్వారా అది పైకి వస్తుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్‌ డయాక్సైడ్ కంటే మీథేన్ ఎంతో చురుకైనది. మడిని కొన్నాళ్లు ఆరనిచ్చి మళ్లీ తడిపితే మట్టికి గాలి అంది ఆ జీవుల జోరు తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. కాకతీయ కాలువ మీద యాసంగిలో వారబందీ పేరుతో కొన్ని రోజులు విడిచి కొన్ని రోజులు ఆపుతూ నీళ్లు ఇస్తారు. చివరి ఆయకట్టు రైతులు దాన్ని శిక్షగా చూస్తారు, నీళ్లు తమ దాకా చేరవు కాబట్టి. వంతు తేదీ ముందే తెలిసి, ఆ తేదీన నీళ్లు నిజంగా వస్తే అదే ఆరుతడి సాగుకు సిద్ధమైన ఏర్పాటు అవుతుంది.

ఒకే పంట మీద భారం

ఉన్న నేల నుంచే ఎక్కువ ధాన్యం తీసే ధోరణి ప్రపంచం మొత్తం మీద కూడా ఉంది. 1961లో సుమారు 65 కోట్ల హెక్టార్లలో తృణధాన్యాలు కోశారు. ఇప్పుడు అది 70 కోట్ల హెక్టార్లు దాటింది. అదే కాలంలో ధాన్యం మూడింతలకు మించి పెరిగింది. మూడు వందల కోట్ల మంది నుంచి ఎనిమిది వందల కోట్లకు చేరిన జనాభా ఆకలిని కొత్త నేల తీర్చలేదు, పాత నేలే తీర్చింది. అడవులు మరింతగా చేలు కాకుండా మిగలడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆ మేలును మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి.

అయితే తెలంగాణలో ఆ పెరుగుదల దాదాపు అంతా ఒక్క వరి మీద, కొన్ని నీటి వనరుల మీద, ఒక్క కొనుగోలుదారు మీద నిలబడింది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి, ఆ నీరు ఎత్తిపోయడం ఆగింది. అయినా 2024 వానాకాలంలో 66 లక్షలకు పైగా ఎకరాల్లో 1.53 కోట్ల టన్నుల వడ్లు పండాయని ప్రభుత్వం ప్రకటించింది. మంచి వానలు, చెరువులు, బోర్లు, పాత కాలువలు కలిసి ఆ పంటను నిలబెట్టాయి. వాన తప్పిన ఏడు మిగతా మూడూ ఒకేసారి బలహీనపడతాయి.

పంట మార్పు గురించి మాట్లాడేటప్పుడు రైతు వేసుకునే లెక్క ఏమిటో చూడాలి. 2024-25లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,371. క్వింటాలు చూస్తే జొన్నే మెరుగు. ఎకరా చూస్తే తలకిందులు. ఎకరానికి 22 క్వింటాళ్ల వడ్లు వచ్చాయనుకుంటే 50,600 రూపాయలు. 8 క్వింటాళ్ల జొన్నలు వచ్చాయనుకుంటే 26,968. ఖర్చులు, నీళ్లు, కరెంటు విలువ అన్నీ కలిపితే ఆ తేడా చాలావరకు కరిగిపోవచ్చు. కానీ నీళ్లకూ కరెంటుకూ రైతు చెల్లించేది లేనప్పుడు ఆ విలువ ఆయన లెక్కలోకి రాదు. పైగా వడ్లకు ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంది, జొన్నకు లేదు.

అందుకే ఈ జిల్లాలో పంట మార్పు ఎక్కడైనా సాధ్యమైతే, అది ముందుగా కాలువ చివరి భూముల్లో, బాగా వాలు ఉండి నీళ్లు నిలవని ఎర్ర చెలకల్లో, తూము కింది రైతులందరూ ఒకే యాసంగిలో కలిసి వేసినప్పుడు సాధ్యమవుతుంది. పిట్టల నష్టం అందరి మీదా పంచుకుపోవాలన్నా, పై చేను ఊట ఆగాలన్నా ఆ కలయిక తప్పదు. కొనుగోలు కేంద్రంలో వడ్ల కాంటా పక్కన జొన్నకు, నువ్వుకు, మక్కకు ఇంకో కాంటా పెడతామని నారు పోయకముందే, అంటే నవంబరులోనే చెప్పాలి. ఏప్రిల్‌లో చెబితే అప్పటికే పొలమంతా వరి ఈని ఉంటుంది.